అప్పు ఇచ్చి ఆర్ట్ సినిమా తీయమన్నారు: సర్కారు డబ్బు వెనక కథ

2025 ఆగస్టులో తిరువనంతపురంలో కేరళ ప్రభుత్వం సినిమా పాలసీ మీద కాన్‌క్లేవ్ పెట్టింది కదా, దాని చివరి రోజు మలయాళ ఆర్ట్ సినిమాల డైరెక్టర్ అడూర్ గోపాలకృష్ణన్ గారు మాట్లాడుతూ మహిళా డైరెక్టర్లకీ ఎస్సీ ఎస్టీ డైరెక్టర్లకీ ఒక్కో సినిమాకి సర్కారు ఇస్తున్న 1.5 కోట్లు చాలా ఎక్కువ, 50 లక్షలు చాలు, ముందు మూడు నెలలు ట్రైనింగ్ ఇవ్వాలి అన్నారు. హాల్లోనే ఒకావిడ లేచి అడ్డుచెప్పారు, బయట పెద్ద గొడవే అయింది. ఈ స్కీమ్ 2019లో మహిళలతో మొదలై తర్వాత ఎస్సీ ఎస్టీలకి కూడా వచ్చింది, డబ్బు రాష్ట్ర ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ద్వారా వెళ్తుంది. అడూర్ గారి సినిమాలంటే నాకు ప్రాణం, అయినా ఆ మాట మాత్రం తప్పు అనే అంటాను. ఎందుకో అర్థం కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

రెండో ప్రపంచ యుద్ధం టైములో బ్లాక్ మనీ సినిమాల్లోకి వచ్చిపడింది, పాత స్టూడియోలు నెలజీతాలిచ్చి సినిమాలు తీసే పద్ధతి కూలిపోయింది, ఎవరి దగ్గర క్యాష్ ఉంటే వాళ్ళే ప్రొడ్యూసర్లు, వడ్డీలకి తెచ్చి స్టార్లకి పోయడమే పని అయింది. దీని మీద 1949లో ఎస్.కె. పాటిల్ కమిటీ వేశారు, వాళ్ళు 1951లో రిపోర్టు ఇస్తూ సినిమాలకి అప్పులివ్వడానికి ప్రభుత్వం ఒక సంస్థ పెట్టాలన్నారు. అది రావడానికి 1960 దాకా పట్టింది, ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్, ఎఫ్ఎఫ్‌సీ.

ఈ మధ్యలో బెంగాల్లో ఒకటి జరిగింది. సత్యజిత్ రాయ్ తన ఇన్సూరెన్స్ పాలసీ మీదా భార్య నగల మీదా డబ్బు తెచ్చి తీస్తున్న సినిమా ఆగిపోతే ముఖ్యమంత్రి బి.సి. రాయ్ ప్రభుత్వం డబ్బు పెట్టి గట్టెక్కించింది. సినిమాకి ఇవ్వడానికి పద్దు లేదు, పేరులో 'పథేర్' అంటే దారి అని ఉంది కాబట్టి రోడ్ల బాగుకి అని రాసుకున్నారట. 1955లో పథేర్ పాంచాలి వచ్చాక ఏమైందో అందరికీ తెలుసు.

ఎఫ్ఎఫ్‌సీ మొదట్లో పేరున్న వాళ్ళకే ఎక్కువగా ఇచ్చింది. 60ల చివరికొచ్చేసరికి రూటు మారింది, తక్కువ బడ్జెట్లో కొత్తవాళ్ళని నమ్ముదాం అనుకున్నారు, 1969లో మృణాల్ సేన్ తీసిన భువన్ షోమ్ అలా వచ్చిందే, ఆ తర్వాత మణి కౌల్, బాసు ఛటర్జీ, కుమార్ సహానీ, ఇట్లా ఒక తరం మొత్తం ఆ గుమ్మం దగ్గర్నుంచే మొదలైంది.

ఇప్పుడు అడూర్ గారి దగ్గరికి వద్దాం. పూణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువు ముగించి ఫ్రెండ్స్‌తో కలిసి 1965లో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టారు, సొంత ప్రొడక్షన్ యూనిట్ కూడా దాని కిందే. ఎఫ్ఎఫ్‌సీకి మొదట ఒక కథ పంపితే వాళ్ళు తిప్పి పంపేశారు. తర్వాత ఆయన మొదటి సినిమా స్వయంవరంకి 1.5 లక్షల అప్పు దొరికింది, మొత్తం ఖర్చు 2.5 లక్షలు, అంటే సగం పైన సర్కారు డబ్బే. 1972లో రిలీజైతే జనం రాలేదు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, కెమెరా, ఇంకా మన తెనాలి అమ్మాయి శారదకి ఉత్తమ నటి, నాలుగు వచ్చాక మళ్ళీ వేస్తే అప్పుడు ఆడింది. మొదటి సినిమా తీస్తున్నవాడి చేతిలో ఖర్చులో 60 శాతం పెట్టింది కాబట్టే కదా ఇది జరిగింది! ఇప్పుడు 1.5 కోట్లకి 50 లక్షలు అన్నట్టు, మూడోవంతు చాలు అని అప్పుడు ఫైల్ మీద ఎవరైనా రాసుంటే?

కానీ ఆ ఎఫ్ఎఫ్‌సీ స్కీమ్‌లో ఒక పెద్ద లోపం ఉంది, నా దృష్టిలో మొత్తం కథ అక్కడే ఉంది. ఇచ్చింది గ్రాంటు కాదు, అప్పు. వడ్డీతో సహా కట్టాలి. కట్టాలంటే సినిమా ఆడాలి, ఆడాలంటే థియేటర్ కావాలి, ఆ థియేటర్లేమో పెద్ద డిస్ట్రిబ్యూటర్ల చేతుల్లో ఉండేవి. విత్తనాలకి అప్పిచ్చి పంట అమ్ముకోడానికి మార్కెట్ యార్డు లేకుండా చేసినట్టు. చాలా సినిమాలు డబ్బాల్లోనే ఉండిపోయాయి. 1976లో పార్లమెంటు కమిటీ వచ్చి అప్పులు వసూలు కావట్లేదు, ఆడే సినిమాలకే ఇవ్వండి అని ఎఫ్ఎఫ్‌సీని తప్పుపట్టింది. తర్వాత 1980లో దాన్ని నేషనల్ ఫిల్మ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్, ఎన్ఎఫ్‌డీసీలో కలిపేశారు. ఎన్ఎఫ్‌డీసీ అటెన్‌బరో గాంధీలో డబ్బు పెట్టి బాగానే సంపాదించింది, జానే భీ దో యారో లాంటివీ తీసింది, కానీ మన ఊళ్ళో థియేటర్ మాత్రం దొరకలేదు, రాత్రిళ్ళు దూరదర్శన్‌లో చూసినవాళ్ళే ఎక్కువ.

ఫ్రాన్స్ వాళ్ళు ఇదే పనిని వేరేగా చేశారు. 1946లో సీఎన్‌సీ అని సంస్థ పెట్టి ప్రతి టికెట్ మీద కొంత తీసుకుంటారు, ఇప్పుడది 10.72 శాతం, హాలీవుడ్ సినిమా టికెట్ అయినా సరే. టీవీ ఛానెళ్ళు కూడా కట్టాలి. ఆ డబ్బే తిరిగి ప్రొడక్షన్ కంపెనీలకి వెళ్తుంది. 1959 నుంచి ఇచ్చే అడ్వాన్సు అయితే వసూళ్ళు వస్తేనే వాపసు కట్టాలి, రాకపోతే లేదు. మన దగ్గర కూడా దశాబ్దాల తరబడి ఎంటర్‌టైన్‌మెంట్ ట్యాక్స్ పిండారు, 2017 తర్వాత జీఎస్‌టీలో కలిసిపోయింది, కానీ అది ఫ్రాన్స్‌లోలా తిరిగి సినిమాకే వెళ్ళే డబ్బు కాదు. చివరికి 2024లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో గ్రాండ్ ప్రీ అవార్డు గెలిచిన పాయల్ కపాడియా సినిమాకి డబ్బులు ఎక్కువగా ఫ్రాన్స్, నెదర్లాండ్స్, లక్సెంబర్గ్ ఫండ్ల నుంచే సర్దుకోవాల్సి వచ్చింది.

తెలుగులో సర్కారు సాయం దారే వేరు. ఇండస్ట్రీని మద్రాసు నుంచి హైదరాబాద్ రప్పించాలని స్టూడియోలకి స్థలాలిచ్చారు, పన్ను రాయితీలిచ్చారు, ఇప్పుడైతే పెద్ద సినిమా వచ్చినప్పుడు చాలాసార్లు టికెట్ రేట్లు పెంచుకోమని జీవో. స్థలం ఉన్నవాడికి స్థలం, రేటు ఉన్నవాడికి రేటు, చేతిలో స్క్రిప్టు తప్ప ఏం లేనివాడికి ఇందులో ఏముంది? 2018లో కేరాఫ్ కంచరపాలెం తీయడానికి డబ్బు పెట్టింది అమెరికాలో డాక్టరుగా చేస్తున్న ప్రవీణ పరుచూరి గారు, నటించినవాళ్ళలో చాలామంది ఆ కంచరపాలెం వాళ్ళే. ఆవిడ ఒప్పుకోకపోతే డైరెక్టర్ వెంకటేష్ మహా ఏ ఆఫీసుకి అప్లికేషన్ పట్టుకెళ్ళేవాడు? కేరళలో అమ్మాయిలకి, ఎస్సీ ఎస్టీ కుర్రాళ్ళకి కనీసం వెళ్ళడానికి ఒక ఆఫీసు ఉంది, అక్కడ ఇచ్చే 1.5 కోట్లు తగ్గించాలా అని వాళ్ళు కొట్లాడుకుంటున్నారు.