చందా ఇచ్చిందెవరు?

పిల్లలూ,

మొన్న ఫోన్లో అడిగారు కదా, "తాతయ్యా, పార్టీ మీటింగుకి అన్ని బస్సులు, అన్ని బిర్యానీ పొట్లాలు, పైన హెలికాప్టరు... ఈ డబ్బంతా ఎవరిస్తారు?" అని. ఫోన్లో తేలే సంగతి కాదని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. మన రెండు రాష్ట్రాల్లో ఎమ్మెల్యేకి పోటీ చేసే మనిషి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. దానికి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఓ రిజిస్టరు రాయాలి. అందులో తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబీ కాగితాల మీద నగదు, పసుపు కాగితాల మీద బ్యాంకు లెక్క. ఫలితాలొచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క అప్పజెప్పాలి. చూడ్డానికి పకడ్బందీగానే ఉంది. కానీ నామినేషన్ వేసిన రోజు నుంచి పెట్టిన ఖర్చే లెక్కలోకొస్తుంది. పార్టీ తన పేరు మీద పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. ఇక ఓటుకి ఎంత పంచారో మీ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. ఆ పంపకం మాత్రం ఏ రంగు కాగితం మీదా కనబడదు.

ఈ తంతుని మార్చాలని పట్టుబట్టినవాళ్ల గురించే ఈ ఉత్తరం. 1999లో అహ్మదాబాద్ ఐఐఎం అధ్యాపకులు కొందరు కలిసి అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్ అని ఓ సంస్థ పెట్టారు. అందరూ ఏడీఆర్ అంటారు. త్రిలోచన్ శాస్త్రి, జగ్‌దీప్ ఛోకర్ అందులో ముఖ్యులు. అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు ఓటరుకి తెలియాలని కోర్టుకెక్కారు. 2002 మేలో సుప్రీంకోర్టు అవునంది. ఒకరి మొహం ఒకరు చూసుకోని పార్టీలన్నీ అప్పుడు ఏకమయ్యాయి. ఆగస్టుకల్లా ఆ తీర్పుకి గండికొట్టే ఆర్డినెన్స్ వచ్చేసింది, ఆ తర్వాత అదే చట్ట సవరణగా మారింది. దాని మీద మళ్లీ కోర్టుకి వెళ్లినవాళ్లలో మన హైదరాబాద్ లోక్‌సత్తా కూడా ఉంది. ఐఏఎస్ వదిలేసి వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ దాన్ని 1996లో మొదలుపెట్టారు. 2003 మార్చిలో కోర్టు ఆ సవరణలో తీర్పుకి గండికొట్టే సెక్షన్‌ని కొట్టేసింది. ఇవాళ మీరు పేపర్లో ఫలానా అభ్యర్థి ఆస్తి ఇన్ని కోట్లని చదువుతున్నారంటే దాని వెనక ఇంత కథ ఉంది.

ఆస్తులు తెలిశాయి సరే, చందాల మాటేమిటి? అసలు గొడవ అక్కడుంది.

పెళ్లిళ్లలో చదివింపుల పుస్తకం చూశారుగా. ఎవరెంత చదివించారో రాసుకునేది రేపు వాళ్లింట్లో శుభకార్యానికి మనం అంతకు తగ్గకుండా ఇవ్వాలనే. పార్టీకి కోట్లిచ్చినవాడూ తిరిగి రాబడి చూసుకుంటాడు. ప్రాజెక్టులు, భూములు, గనులు, మద్యం లైసెన్సులు, వీటిలో చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలోనే ఉంటాయి. అందుకే ఢిల్లీ పార్టీల చందాలతోపాటు ప్రాంతీయ పార్టీల చందాలూ మనం చూడాలి. తేడా ఏమిటంటే, ఇక్కడ తిరిగి చదివించేది మన సొమ్ముతో.

2018లో ఎలక్టోరల్ బాండ్లు మొదలయ్యాయి, అంటే బ్యాంకులో కొని పార్టీకి చందాగా ఇచ్చే పత్రాలు. 1,000 రూపాయల నుంచి కోటి దాకా, స్టేట్ బ్యాంకులో మాత్రమే అమ్మారు. కొన్నవాడి పేరు దాని మీద ఉండదు. లాభాల్లో 7.5 శాతానికి మించి కంపెనీలు ఇవ్వకూడదన్న పాత హద్దునీ చెరిపేశారు. పూనమ్ అగర్వాల్ అనే పాత్రికేయురాలు 1,000 రూపాయల బాండ్లు కొని ల్యాబులో పరీక్ష చేయించారు. అతినీలలోహిత కాంతి కింద పెడితే, మామూలు కంటికి కనబడని ఓ నంబరు బయటపడింది! అది భద్రత కోసం పెట్టిందేనని ప్రభుత్వం అంది. ఈ నంబరు గుర్తుపెట్టుకోండి.

ఏడీఆర్, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ, సీపీఎం వేసిన కేసులు ఏళ్ల తరబడి నలిగాయి. 2024 ఫిబ్రవరి 15న ఐదుగురు జడ్జీలు ఏకగ్రీవంగా బాండ్లు రాజ్యాంగ విరుద్ధమన్నారు. వివరాలివ్వడానికి జూన్ 30 దాకా గడువు కావాలంది బ్యాంకు. ఈలోగా లోక్‌సభ ఎన్నికలు అయిపోతాయి మరి! కోర్టు ఒప్పుకోలేదు. మార్చి 14న రెండు జాబితాలొచ్చాయి, ఒకటి కొన్నవాళ్లది, ఇంకొకటి సొమ్ము చేసుకున్న పార్టీలది. రెండింటినీ కలిపే ముడి మాత్రం లేదు. ఆ ముడి ఏమిటంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న నంబరే. కోర్టు మళ్లీ గట్టిగా అడిగాక మార్చి 21న అదీ బయటికొచ్చింది.

అప్పుడు తెలిసిన లెక్కలు చూడండి. బీజేపీకి సుమారు 6,060 కోట్లు. అంత పెద్ద జాతీయ పార్టీ కాంగ్రెస్‌కి 1,421 కోట్లయితే, ఒక్క తెలంగాణలో ఉన్న బీఆర్ఎస్‌కి 1,214 కోట్లు. వైసీపీకి 337, టీడీపీకి 218. కొన్నవాళ్లలో రెండో స్థానం హైదరాబాద్‌లోని మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. చందా ఇచ్చినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు, అలా రాసేస్తే నాదీ తొందరపాటే. కానీ ఎవరికి ఏ పని ఎప్పుడు దక్కిందో, చందా ఎప్పుడిచ్చారో పక్కపక్కన పెట్టి అడిగే వీలు ఆ రోజు నుంచే వచ్చింది.

ఇప్పుడు బాండ్లు లేవు, చెక్కులూ, కంపెనీల చందాలు పోగుచేసి పార్టీలకిచ్చే ఎలక్టోరల్ ట్రస్టులూ ఉన్నాయి. 20,000 రూపాయలు దాటిన చందాల వివరాలే పార్టీలు ఎన్నికల సంఘానికి చెప్పాలి. అంతకు లోపు ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పనక్కర్లేదు. ఎవరి దగ్గర నుంచో తెలియని రాబడి అంటూ ఏడీఆర్ ఏటా లెక్కగట్టేదాంట్లో ఇదీ ఉంటుంది. ఛోకర్ గారు 2025 సెప్టెంబరులో పోయారు. ఆ లెక్కల పని నడుస్తూనే ఉంది.

మీరూ ఓ పని చేయొచ్చు. ఏడీఆర్ వాళ్ల మైనేత వెబ్‌సైటులో మీ ఎమ్మెల్యే అఫిడవిట్ వివరాలు చూడండి. ఇందాక చెప్పిన ఖర్చు లెక్క కూడా, ఒక్క రూపాయి ఫీజు కడితే ఎవరైనా చూడొచ్చని 1961 నాటి ఎన్నికల నిబంధనల్లోనే ఉంది. నకలుకి వేరే ఫీజు. కలెక్టరేటుకి మీ అంతట మీరు వెళ్లకండి, నాన్నని తీసుకెళ్లండి. అడిగేటప్పుడు అభ్యర్థులందరి లెక్కలూ అడగండి. ఒక్కరిదే అడిగారంటే, మిమ్మల్ని పంపింది ఏ పార్టీవాళ్లని ఆరా తీస్తారు.

మీ తాతయ్య