రెండడుగుల నుంచి నాలుగడుగులకి: ఉప్పునీటి ట్యాంక్ పెద్దది చేసేవాళ్ల అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఇళ్లకి మెరైన్ ట్యాంకులు, అంటే సముద్రపు చేపల అక్వేరియంలు పెట్టడం, తర్వాత వాటి బాగోగులు చూడటం నా పని. రెండడుగుల ట్యాంక్‌తో మొదలుపెట్టినవాళ్లు ఏడాది తిరిగేసరికి ఫోన్ చేస్తారు. "అన్నా, నాలుగడుగులది పెట్టేద్దాం. పెద్దదైతే పనే ఉండదట కదా?" ఈ "అట"లు విని విని ఇది రాస్తున్నా.

అపోహ: పెద్ద ట్యాంక్‌కి పని తక్కువ

సగం నిజం. నీళ్లు ఎక్కువుంటే ఉప్పు, వేడి, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా గబుక్కున మారవు. రాళ్ల వెనక ఒక చేప చచ్చిపడి మనం చూసుకోకపోయినా చిన్న ట్యాంక్‌లో జరిగేంత నష్టం జరగదు. కానీ లెక్క వేయండి. 24×12×18 అంగుళాల ట్యాంక్‌లో పట్టేది 85 లీటర్లు. 4×2×2 అడుగుల దాంట్లో 450. పొడవు రెట్టింపే, నీళ్లు మాత్రం ఐదు రెట్ల పైన. వారానికి పది శాతం మార్చాలంటే ఇదివరకు సగం బకెట్‌తో అయిపోయేది. ఇప్పుడు 45 లీటర్లు పట్టాలి, కిలోన్నర పైనే ఉప్పు కలపాలి, రాత్రంతా పంప్ తిప్పాలి. ఆ 45 లీటర్లు తయారయ్యేలోపు ఆర్‌ఓ మిషన్ వంద లీటర్ల దాకా బయటికి వదులుతుంది. ఏప్రిల్‌లో ట్యాంకర్ నీళ్లతో నడిచే అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఈ మాట ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకోండి. ఇల్లు తుడుచుకోడానికో, మొక్కలకో ఆ నీళ్లు పట్టుకోవచ్చు.

అపోహ: పాత నీళ్లు పోసేస్తే కొత్త ట్యాంక్ వెంటనే రెడీ

అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా నీళ్లలో తేలుతూ ఉండదు, రాళ్లకి అంటుకుని ఉంటుంది. అందుకే జాగ్రత్తగా మార్చాల్సింది రాళ్లని. వాటిని ఉప్పునీటి టబ్బుల్లో మునిగేలా ఉంచి తీసుకెళ్లాలి, ఆరనివ్వకూడదు. కొత్త నీళ్లు ముందురోజే కలిపి, పాత ట్యాంక్‌లో ఎంత ఉప్పు, ఎంత వేడి ఉన్నాయో అంతకే తేవాలి. మామూలుగా ఉప్పు 35 పీపీటీ (వెయ్యి వంతుల్లో 35 వంతులు), వేడి 25, 26 డిగ్రీలు. పాత రాళ్లు పాత చేపలకే సరిపోతాయి కాబట్టి మొదటి నెల కొత్త చేప వద్దు.

ఇక ఇసుక. దీని దగ్గర నేను దెబ్బతిన్నాను. చాలా ఏళ్ల కిందట నా సొంత మూడడుగుల ట్యాంక్‌ని ఐదడుగులకి మార్చాను. మూడంగుళాల మందాన పాత ఇసుక ఉంది. "ఇందులో బోలెడు బ్యాక్టీరియా, పారేస్తామా?" అని డబ్బా డబ్బా ఎత్తి అలాగే కొత్తదాంట్లో పోశాను. అట్టడుగుకి వచ్చేసరికి ఇసుక నల్లగా ఉంది, కుళ్లిన గుడ్ల వాసన. గాలి తగలని ఇసుకలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు అది. అర్ధరాత్రి కదా, పొద్దున్న చూద్దాంలే అని పడుకున్నాను. తెల్లారి చూస్తే నీళ్లు పల్చటి పాలలా ఉన్నాయి. క్లీనర్ రొయ్య, రెండు డామ్సెల్ చేపలు చచ్చిపోయాయి. క్లౌన్ ఫిష్ జంట పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఊపిరాడక కొట్టుకుంటోంది. అప్పటి నుంచి నాకు ఒకటే పద్ధతి: కొత్త ఇసుక వేస్తా, పాతదాంట్లో పైపైన శుభ్రంగా ఉన్నది ఒక కప్పు చల్లుతా. అంతే.

అపోహ: రాళ్లని మరిగే నీళ్లతో కడిగితే నాచు పోతుంది

దయచేసి ఈ పని చేయకండి. బ్యాక్టీరియా చచ్చిపోతుందన్నది ఒక సంగతి. అంతకంటే పెద్దది, రాళ్ల మీద పెరిగే జోయాంథిడ్లలో (పగడాల చుట్టాలైన చిన్న జీవులు), ముఖ్యంగా పాలీథోవా జాతివి కొన్నిట్లో, పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది. రాయిని ఉడికించినా, గట్టిగా రుద్దినా ఆ విషం ఆవిరితో, తుంపరలతో గాల్లోకి లేస్తుంది. ఇలా ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో నమోదయ్యాయి. ట్యాంక్ మార్చే రోజు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

అపోహ: స్లాబ్ గట్టిది, ఎక్కడైనా పెట్టొచ్చు

450 లీటర్ల ఉప్పునీళ్లు 460 కిలోలు. 12 ఎంఎం గ్లాస్ 90 కిలోల దాకా ఉంటుంది. రాళ్లు, ఇసుక, కింద సంప్ (పెద్ద ట్యాంక్ నీళ్లు దిగి, పంప్‌తో మళ్లీ పైకి వెళ్లే చిన్న ట్యాంక్), ఐరన్ స్టాండ్ కలిపితే 700 దాటుతుంది. ఇదంతా ఎనిమిది చదరపు అడుగుల మీద నిలబడుతుంది. ఇళ్ల గదులకి ఐఎస్ 875 (కట్టడాల బరువుల మీద మన దేశపు ప్రమాణం) చెప్పే లైవ్ లోడ్, అంటే మనుషులు, సామాన్ల బరువు, చదరపు మీటరుకి 2 కిలోన్యూటన్లు, అంటే 200 కిలోల చిల్లర. మన ట్యాంక్ కింద అది 900 పైనే. స్లాబ్ వెంటనే కూలిపోతుందని కాదు, బరువు బీముల మీదికి పోయేలా పెట్టాలని. గోడ వారగా, పిల్లర్ దగ్గర పెట్టండి. హాలు మధ్యలో వద్దు, బాల్కనీలో అసలే వద్దు. గ్లాస్ ఆర్డర్ ఇవ్వకముందే స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించండి.

అపోహ: వంటింట్లో ఆర్‌ఓ ఉందిగా

తాగే నీళ్ల మిషన్లు చాలావాటిలో రుచి కోసం కొంత టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు) కావాలనే వదులుతారు. రీఫ్ ట్యాంక్‌కి, అంటే పగడాలు పెంచే ట్యాంక్‌కి, సున్నా కావాలి. మిగిలిన లవణాల్ని కూడా లాగేసే డీఐ కార్ట్రిడ్జ్ విడిగా పెట్టుకోవాలి.

అపోహ: హాల్లో ఏసీ ఉంది, చిల్లర్ (నీళ్లని చల్లబరిచే మిషన్) దండగ

ఏసీ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా. ట్యాంక్‌కి కష్టం మధ్యాహ్నం మూడింటికి. ఎండాకాలం హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీదికి ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. అదే ఫ్యాన్ విశాఖలో పెడితే ఆ తేమకి పెద్దగా పనిచేయదు. పైగా ఫ్యాన్ పెట్టిన నాలుగడుగుల ట్యాంక్‌లో రోజుకి ఎనిమిది పది లీటర్లు ఆవిరైపోవడం నేను చూశాను. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గినంతా ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లతోనే నింపాలి. మే నెలలో వీటన్నిటికంటే చిల్లర్ పెట్టడమే నయం. దాన్ని మాత్రం స్టాండ్ కింద తలుపులేసి పెట్టకండి, అది వదిలే వేడి మళ్లీ సంప్‌కే తగులుతుంది.

కరెంట్ సంగతి అపోహ కాదు, మరుపు. పంప్ ఆగితే ఓవర్‌ఫ్లో (పెద్ద ట్యాంక్ నుంచి నీళ్లు కిందికి జారే చోటు) మట్టానికి పైన ఉన్న నీళ్లన్నీ సంప్‌లోకి దిగుతాయి. కొత్త ట్యాంక్ నింపిన రోజే, చేపలు వేయకముందే, మీ చేత్తో స్విచ్ ఆపి సంప్ ఎక్కడిదాకా నిండుతుందో చూసి స్కెచ్ పెన్‌తో గీత గీయండి. అలా చేయని ఒకరింట్లో రాత్రి కరెంట్ పోయి కింది ఫ్లాట్ సీలింగ్‌కి మరకలు పడ్డాయి.

అపోహ: లైవ్ రాక్ (బ్యాక్టీరియా, చిన్న జీవులు అంటుకున్న సముద్రపు రాయి), కోరల్స్ రామేశ్వరం నుంచి తెప్పించుకోవచ్చు

కుదరదు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు), నీటిగుర్రాలు (సీహార్స్‌లు) 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. లైవ్ రాక్ పేరుతో వచ్చేది కూడా చాలావరకు చచ్చిన పగడపు దిబ్బ ముక్కే. నేను సెరామిక్ రాళ్లు వాడతా, మష్రూమ్, లెదర్ లాంటి సాఫ్ట్ కోరల్స్‌తో సరిపెడతా. ఇది నచ్చక వేరేవాళ్ల దగ్గరికి వెళ్లినవాళ్లు ఉన్నారు, వెళ్లనివ్వండి.

చివరిగా పిల్లలున్న ప్రతి ఇంట్లో వచ్చేది: "నాలుగడుగులయింది కదా, ఇప్పుడు ఆ పసుపు తోక నీలం చేప వేద్దామా?" బ్లూ ట్యాంగ్ షాపులో రెండంగుళాలుంటుంది. పెరిగితే అడుగు. రోజంతా ఈదుతూనే ఉంటుంది, నాలుగడుగులు దానికి చాలవు. మొన్న ఒకాయనకి ఇదంతా పావుగంట చెప్పాను. బుద్ధిగా విని, "అయితే ఆరడుగులదానికి ఎంతవుతుంది అన్నా?" అన్నాడు.