డబ్బాలో బియ్యం ఉన్నాయి, మరి పప్పు?

ఒక ఇంట్లో తిండికి ఇబ్బందిగా ఉందా లేదా అనేది బయటివాళ్ళకి ఎలా తెలుసుద్ది? వెళ్ళి "భోజనాలయ్యాయా" అని అడిగితే మనవాళ్ళు ఎవరూ లేదని చెప్పరు, రాత్రి పస్తున్నా సరే "ఆ, ఇప్పుడే అయ్యాయండీ, కూర్చోండి" అంటారు. పోనీ వంటింట్లోకి తొంగి చూస్తే బియ్యం డబ్బా కనపడుద్ది, అందులో కోటా బియ్యం ఉంటాయి కూడా, 2013 ఆహార భద్రత చట్టం కింద కార్డులో ఉన్న మనిషికి నెలకి 5 కిలోలు కాబట్టి నలుగురుంటే 20 కిలోలు. అవి చూసి ఈ ఇంటికి లోటు లేదులే అని రాసుకుని వచ్చేస్తే లెక్క అక్కడే తప్పినట్టు. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార సదస్సులో ఒప్పుకున్న మాట ఏంటంటే, అందరికీ, ఎప్పుడూ, చాలినంత, ఒంటికి పట్టే, తమకి ఇష్టమైన తిండి దొరికితేనే ఆహార భద్రత ఉన్నట్టు. ఇందులో "ఎప్పుడూ" అన్న ఒక్క మాటని కొలవడమే ఎంత కష్టమో ఆలోచించండి.

ఐక్యరాజ్యసమితిలో తిండి సాయం చూసే వరల్డ్ ఫుడ్ ప్రోగ్రామ్ వాళ్ళు వాడే ఒక లెక్క ఉంది, నాకు బాగా నచ్చుతుంది, ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. గత 7 రోజుల్లో ఇంట్లో ఏ రకం తిండి ఎన్ని రోజులు తిన్నారో అడుగుతారు, ఒక్కో రకానికి ఒక్కో వెయిట్. అన్నం, రొట్టె, దుంపల్లాంటివాటికి 2, పప్పులకి 3, కూరగాయలకి 1, పండ్లకి 1, మాంసం చేప గుడ్డుకి 4, పాలు పెరుగుకి 4, నూనెకి అర, పంచదారకి అర. ఇప్పుడు ఒక కూలింటి వారం ఊహించుకుందాం. అన్నం 7 రోజులూ ఉంది, 14 పాయింట్లు. పోపులో నూనె 7 రోజులు, మూడున్నర. టీలో పంచదార 7 రోజులు, ఇంకో మూడున్నర. పప్పు ఒక్కరోజు, 3. కూరగాయలు మూడు రోజులు, 3. మిగతా రోజులు కారం వేసుకునో చింతపండు చారు పోసుకునో తిన్నారు, వాటికి పాయింట్లు లేవు, టీలో పోసిన చుక్క పాలకీ లేవు. మొత్తం 27.

మామూలుగా 21 లోపు ఉంటే అట్టడుగు, 35 దాటితే పర్లేదు అంటారు. కానీ మనలా నూనె, పంచదార రోజూ వాడే చోట ఆ రెండింటి వల్లే 7 పాయింట్లు వచ్చేస్తాయి కాబట్టి గీతల్ని 28కీ 42కీ జరుపుతారు. అంటే మన కూలిల్లు అట్టడుగు వర్గంలో పడింది, వారంలో ఒక్క పూట కూడా అన్నం మానకుండానే! అదే ఆ వారం ఒక్కరోజు గుడ్లు వండుకునుంటే 31 అయ్యి పై వర్గంలోకి వచ్చేది. కేలరీలు మాత్రమే చూసేవాళ్ళకి ఈ ఇల్లు కనపడదు, అందుకే నేను దీని గురించి ఇంత సాగదీసి చెప్తున్నా.

అయితే ఈ లెక్కలో భయం లేదు. రేపటికి ఏముంది, కొట్టువాడు ఖాతాలో రాసుకుంటాడా లేదా అనే బెంగ పాయింట్లలో ఎక్కడ పడుద్ది? 1980ల చివర్లో అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన క్యాథీ రేడిమర్ ఇంకో దారి పట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో 32 మంది ఆడవాళ్ళతో కూర్చుని తిండికి ఇబ్బందైతే అసలేం జరుగుద్దో వాళ్ళ మాటల్లోనే చెప్పించుకుంది. వాళ్ళు చెప్పినదాంట్లో ఒక వరస బయటపడింది, ముందు బెంగ వస్తుంది, తర్వాత తిండి రకం తగ్గుద్ది, తర్వాత పెద్దవాళ్ళ కంచంలో తగ్గుద్ది, పిల్లల కంచం మీదకి వచ్చేది అన్నిటికన్నా చివర. ఈ వరస చదివినప్పుడు నాకైతే ఇది ఏ ఊళ్ళో అయినా ఇంతే కదా అనిపించింది.

అక్కడి నుంచి పుట్టినవే 1995లో అమెరికా ప్రభుత్వం అడగడం మొదలుపెట్టిన 18 ప్రశ్నలు, 2014 నుంచి ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) ప్రపంచమంతా అడిగిస్తున్న 8 ప్రశ్నలు. గత 12 నెలల్లో తిండి చాలదేమోనని బెంగపడ్డారా, రకరకాల తిండి తినలేకపోయారా, ఒక పూట మానేశారా, ఇంట్లో సరుకులు అయిపోయాయా, ఆకలేసినా తినలేదా, రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా, ఇలా ఉంటాయి. జవాబు అవును, కాదు, అంతే.

వీటి వెనకున్న గణితం డెన్మార్క్‌కి చెందిన జార్జ్ రాష్ అనే ఆయనది. దిగుడు బావిని గుర్తు తెచ్చుకోండి, ఎవరైనా అయిదో మెట్టు మీదున్నారంటే పై నాలుగు దిగే వచ్చుండాలి. అలాగే రోజంతా పస్తున్న మనిషి దాదాపు ఖాయంగా బెంగకీ అవుననే అంటుంది. ఏ మెట్టు ఎంత లోతో ముందే అనుకోరు, జనం జవాబుల నుంచే తీస్తారు, ఎంత తక్కువమంది అవునంటే అంత లోతు. అందుకే ఎన్నిటికి అవునన్నారో తెలిస్తే చాలు, ఆ ఇల్లు ఎంత లోతులో ఉందో తెలిసిపోద్ది. ఇంకో మేలు ఏంటంటే చాలామంది పై మెట్లు దిగకుండా నేరుగా కింద మెట్టు మీద తేలితే ఆ ప్రశ్న వాళ్ళకి వేరేగా అర్థమైందని తెలుసుద్ది. మన దగ్గర "రోజంతా తినలేదా" అంటే శనివారం ఒక్కపొద్దో రంజాన్ రోజానో గుర్తొస్తుంది కదా. అందుకే ప్రతి ప్రశ్నలోనూ "డబ్బుల్లేకో వేరే ఆధారం లేకో" అని మళ్ళీ మళ్ళీ అనాలి, సర్వే చేసే పిల్లలు విసుగొచ్చి ఆ ముక్క వదిలేస్తే జవాబు పాడవుద్ది.

2022లో, దేశాల్ని ఆకలిని బట్టి వరసపెట్టే ప్రపంచ ఆకలి సూచీ మీద గొడవ వచ్చినప్పుడు కేంద్రం ఎఫ్ఏఓ 8 ప్రశ్నల సర్వేని 3000 మందితో చేసిన ఒపీనియన్ పోల్ అని కొట్టిపారేసింది. శాంపిల్ గురించి మాట్లాడుకోవచ్చు, 3000 మందితో మన జిల్లాల పరిస్థితి తెలియదు, అది నిజం. కానీ రోజంతా ఏమీ తినకుండా ఉన్నారా అనేది ఒపీనియన్ ఎలా అవుద్ది? అది ఆ మనిషికి జరిగిన విషయం. దాన్ని అభిప్రాయం అనడం నాకు బాధగా ఉంటుంది.

ఎవర్ని అడుగుతున్నాం అన్నదీ ముఖ్యమే. 9 ప్రశ్నల ఇంకో పద్ధతిలో వంట చూసుకునే మనిషినే అడగమని రాసుంటుంది, ఎందుకంటే అందరికీ వడ్డించాక ఆవిడ గిన్నెలో మిగిలింది గీక్కుని తిన్న సంగతి ఇంటాయనకి తెలియకపోవచ్చు. జవాబు చెప్తే కార్డు వస్తుందేమో అనే ఆశా ఉంటుంది, పక్కన అత్తగారు నిలబడుంటే సిగ్గూ ఉంటుంది, రెండూ జవాబుని చెరోవైపు లాగుతాయి. ఇక ఎప్పుడు అడిగామన్నది. సంక్రాంతికి కొత్త బియ్యం వచ్చాక అడిగితే ఒక జవాబు, ఆషాఢంలో చేతిలో డబ్బులన్నీ విత్తనాలకి పెట్టేశాక అడిగితే ఇంకో జవాబు. 12 నెలలు అని అడిగితే మర్చిపోతారు, 7 రోజులు అని అడిగితే ఆ వారమే తెలుసుద్ది. కాబట్టి నా మటుకు అదే గుమ్మానికి ఏడాదిలో రెండుసార్లు వెళ్ళాలి, రెండోసారి తప్పకుండా ఆషాఢంలో, అదీ నెలాఖరులో.