క్యాబిన్ లోపలి కన్ను: అమెరికా ట్రక్కు డ్రైవర్లు కెమెరాను ఎందుకు వద్దంటున్నారు

2021 మార్చిలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఒక ట్రక్కు డ్రైవరు మధ్యాహ్నం భోజనానికి బండి ఆపుకున్నాడు. కూరగాయలు, పండ్లు సరఫరా చేసే స్టెర్న్ ప్రొడ్యూస్ అనే కంపెనీలో అతని ఉద్యోగం. క్యాబిన్‌లో తన వైపే చూస్తున్న కెమెరాకు ఏదో అడ్డం పెట్టి తినడానికి కూర్చున్నాడు. కాసేపటికి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కెమెరాను మూయకూడదు, అది కంపెనీ రూల్‌కు విరుద్ధం అని పైఅధికారి పంపాడు. జరిగింది అంతే. కానీ ఆ ఒక్క మెసేజ్ మీద వివాదం మూడేళ్లు నడిచి, వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీల్ కోర్టు దాకా వెళ్లింది.

తినేటప్పుడు కెమెరా ఉంటే ఏమైంది, ఆఫీసుల్లో లేవా అని చాలామంది అడుగుతారు. దూరప్రయాణాలు చేసే ట్రక్కు డ్రైవరుకు క్యాబిన్ ఆఫీసు ఒక్కటే అయితే ఆ ప్రశ్న సరైనదే. సీటు వెనకే మంచం ఉంటుంది. రెండు మూడు వారాలు ఇంటికి వెళ్లకుండా అక్కడే పడుకుని, అక్కడే బట్టలు మార్చుకుని, అక్కడి నుంచే పిల్లలతో ఫోన్‌లో మాట్లాడే మనుషులు వాళ్లు. ఈ గొడవ కెమెరాతో మొదలైంది కూడా కాదు. దీని వెనక ఎనభై ఏళ్లకు పైబడిన కథ ఉంది.

అమెరికాలో రవాణా కంపెనీలను ప్రభుత్వ నియంత్రణలోకి తెచ్చిన మోటార్ క్యారియర్ చట్టం 1935లో వచ్చింది. డ్రైవరు ఎన్ని గంటలు నడపాలన్న నిబంధనలు 1930ల చివర్లో అమల్లోకి వచ్చాయి. నిద్రలేక జరిగే ప్రమాదాలను ఆపడం వాటి ఉద్దేశం. ఎంతసేపు నడిపాడో ఎలా తెలుస్తుంది? డ్రైవరే రాసుకోవాలి. అలా వచ్చిందే లాగ్ బుక్.

ఆ కాగితం చూడటానికి స్కూలు పిల్లల గ్రాఫు షీటులా ఉంటుంది. అర్ధరాత్రి నుంచి మళ్లీ అర్ధరాత్రి దాకా అడ్డంగా 24 గడులు, ఒక్కో గడిలో పావుగంటల గీతలు. ఒకదాని కింద ఒకటి నాలుగు వరసలు: డ్యూటీలో లేను, వెనక బెర్తులో ఉన్నాను, నడుపుతున్నాను, డ్యూటీలో ఉన్నా నడపడం లేదు. పని మారినప్పుడల్లా స్కేలు పెట్టి గీతను ఒక వరస నుంచి ఇంకో వరసకు దించి, అప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో కింద రాయాలి. డ్రైవర్లు దీనికి పెట్టుకున్న పేరు ‘కామిక్ బుక్’. అందులో ఉండేవి కట్టుకథలే కాబట్టి. ఒకటి పోలీసులకు, ఒకటి కంపెనీకి అని రెండేసి పుస్తకాలు రాసినవాళ్లూ ఉన్నారు.

ఆ అబద్ధాలు ఎందుకు రాశారన్నదే ఈ కథకు కీలకమని నా నమ్మకం. దూరప్రయాణాల డ్రైవర్లలో ఎక్కువమందికి డబ్బు గంటల లెక్కన రాదు, మైళ్ల లెక్కన వస్తుంది. చక్రం తిరిగితేనే కూలి. గోడౌన్ దగ్గర లోడు దించడానికి ఐదు గంటలు నిలబెడితే ఆ గంటల్లో చాలావరకు పోయినట్టే. మొదటి రెండు గంటలకు ఏమీ ఇవ్వకపోవడం ఈ రంగంలో ఆనవాయితీ. 1938లో కార్మికులకు ఓవర్‌టైమ్ హక్కు ఇచ్చిన ఫెడరల్ చట్టం ఈ డ్రైవర్లను అందులోంచి మినహాయించింది. ఆ మినహాయింపు ఇప్పటికీ పోలేదు. అంటే గంటలకు పరిమితి ఉంది, గంటలకు జీతం లేదు. మధ్యలో ఇరుక్కున్న మనిషి పెన్సిలుతో ఆ లెక్క సరిచేసుకున్నాడు.

1980 జూలైలో అప్పటి అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన చట్టం ఈ రంగాన్ని పోటీకి తెరిచేసింది. కొత్త కంపెనీలు వచ్చాయి, కిరాయిలు పడిపోయాయి, యూనియన్లు బలహీనపడ్డాయి, డ్రైవర్ల సంపాదన తగ్గింది. అదే ఇల్లు గడవాలంటే ఇంకా ఎక్కువ మైళ్లు తిరగాలి.

అదే దశాబ్దంలో యంత్రం క్యాబిన్‌లోకి వచ్చింది. 1988లో క్వాల్‌కామ్ కంపెనీ ఓమ్నిట్రాక్స్ అనే ఉపగ్రహ పరికరాన్ని తెచ్చింది. దాన్ని మొదట పెద్దఎత్తున కొన్నది ష్నైడర్ నేషనల్ అనే రవాణా కంపెనీ. అంతకుముందు డ్రైవరు దారిలో ఎక్కడో ఫోన్ బూత్ దగ్గర ఆగి ఆఫీసుకు ఫోన్ చేస్తే తప్ప బండి ఎక్కడుందో తెలిసేది కాదు. ఇప్పుడు ఆఫీసులో కూర్చున్నవాళ్లకు మ్యాపు మీద కనిపిస్తుంది, క్యాబిన్‌లోకి మెసేజ్ కూడా పంపొచ్చు. పాత డ్రైవర్లు ఆ రోజులను తలుచుకునేటప్పుడు తరచూ చెప్పే మాట ఒకటుంది: రోడ్డెక్కితే బాసు ఉండడనే ఈ ఉద్యోగంలోకి వచ్చామని.

యూరప్ ఇంకో దారిలో వెళ్లింది. వేగాన్నీ, నడిపిన సమయాన్నీ గుండ్రటి కాగితం మీద గీసే టాకోగ్రాఫ్ యంత్రం గురించి 1970లోనే నిబంధన చేశారు. బ్రిటన్ డ్రైవర్లు దాన్ని ‘క్యాబిన్‌లో గూఢచారి’ అని తిట్టి అడ్డుకున్నారు. యూనియన్ల ఒత్తిడితో ప్రభుత్వం కూడా వాయిదా వేస్తూ వచ్చింది. చివరికి 1979లో యూరోపియన్ కోర్టు బ్రిటన్‌ది తప్పని తీర్పు చెప్పాక అమలు చేయక తప్పలేదు. అయితే యూరప్ నిబంధనల్లో అమెరికాలో లేని మాట ఒకటుంది. 2006 నాటి నిబంధన పదో అధికరణం ప్రకారం, రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చే పద్ధతిలో దూరాన్ని బట్టి డ్రైవరుకు డబ్బు ఇవ్వకూడదు. అక్కడా ఆ అధికరణం పూర్తిగా అమలవుతోందని నేననను. కానీ డ్రైవరు గంటలను కొలిచే చట్టంలోనే అతనికి కూలి లెక్కగట్టే పద్ధతిని కూడా పట్టించుకున్నారు.

అమెరికాలో ఆ రెండో భాగం జోలికి ఎవరూ పోలేదు. 2004 నుంచి అమలైన నిబంధనల ప్రకారం డ్యూటీ ఎక్కినప్పటి నుంచి 14 గంటల గడియారం మొదలవుతుంది. అందులో 11 గంటలు నడపొచ్చు. మధ్యలో గోడౌన్ దగ్గర ఎదురుచూసినా ఆ గడియారం ఆగదు. ఈ గంటలను కాగితానికి బదులు యంత్రంతో లెక్కించాలని 2010లో ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చినప్పుడు, 1973లో పుట్టిన సొంత బండ్ల డ్రైవర్ల సంఘం ఓయిడా కోర్టుకెక్కింది. 2011 ఆగస్టులో షికాగోలోని ఫెడరల్ అప్పీల్ కోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఈ యంత్రాలను డ్రైవర్లను వేధించడానికి వాడకుండా చూడాలని చట్టం చెబుతుంటే ప్రభుత్వం ఆ సంగతి పట్టించుకోలేదన్నది కోర్టు చెప్పిన కారణం.

డ్రైవర్ల భయాన్ని ఒక కోర్టు చట్టం భాషలో ఒప్పుకున్న సందర్భం కాబట్టి నాకు ఈ తీర్పు ముఖ్యమనిపిస్తుంది. దాని ప్రభావం తర్వాతి నిబంధనలో కనిపిస్తుంది. 2012లో పార్లమెంటు (అక్కడి కాంగ్రెస్) ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరి అని చట్టం చేసింది. 2015 డిసెంబరులో నిబంధన వచ్చింది, 2017 డిసెంబరు 18న అమలైంది. ఈసారి రాసినవాళ్లు జాగ్రత్త పడ్డారు. డ్రైవరు వెనక బెర్తులో పడుకున్నప్పుడు యంత్రం శబ్దం చేయకుండా ఆపే వీలుండాలి. సొంత పనికి బండి వాడుకుంటున్నప్పుడు అతను ఎక్కడున్నాడో సుమారు పది మైళ్ల పరిధిలో మాత్రమే చూపాలి. అలసిపోయి నడపలేనని చెబితే ఆ యంత్రం సమాచారం చూపించి నడపమని ఒత్తిడి చేయడం నిషేధం. ఓయిడా మళ్లీ కోర్టుకెళ్లింది కానీ ఈసారి ఓడిపోయింది.

ఆ తర్వాత ఏమైంది? గంటల నిబంధన ఉల్లంఘనలు తగ్గాయి. కానీ ప్రమాదాల లెక్కలు చూసిన పరిశోధకులకు చిన్న కంపెనీల్లో ప్రమాదాలు తగ్గినట్టు కనబడలేదు. అతివేగం వంటి ఉల్లంఘనలు పెరిగినట్టు కనబడింది. పెన్సిలుతో సర్దుకునే దారి మూసుకుపోయింది, గోడౌన్ దగ్గర పోయిన గంటలు పోయినట్టే ఉన్నాయి, ఇక మిగిలింది యాక్సిలరేటరే. యంత్రం పెట్టమన్న చట్టం గోడౌన్ యజమాని గేటు దగ్గర ఒక గడియారమైనా పెట్టమనలేదు.

కెమెరా ఈ నేల మీద మొలిచింది. 1998లో శాన్ డీగోలో డ్రైవ్‌క్యామ్ అనే కంపెనీ మొదలైంది. ఇప్పటి పేరు లిటెక్స్. గట్టిగా బ్రేకు వేసినా, బండి ఊగినా అంతకు ముందు ఎనిమిది సెకన్లు, తర్వాత నాలుగు సెకన్లు దాచిపెట్టడం దాని పద్ధతి. 2010ల నడుమ స్విఫ్ట్ వంటి పెద్ద రవాణా కంపెనీలు రోడ్డు వైపు ఒకటి, డ్రైవరు వైపు ఒకటి పెట్టడం మొదలుపెట్టాయి. ఆ తర్వాత కృత్రిమ మేధ వచ్చింది. కళ్లు మూతపడుతున్నాయా, తల వాలిందా, చేతిలో ఫోన్ ఉందా అని యంత్రమే చూసి అరుస్తుంది, మార్కులు వేస్తుంది. నెట్రాడైన్ అనే కంపెనీ కెమెరాలను 2021లో అమెజాన్ తన డెలివరీ వ్యాన్లలో పెట్టించింది. ముఖం వివరాలు తీసుకోవడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టకపోతే బండి నడపనివ్వలేదు. ఆ నెట్రాడైన్ ఇంజనీరింగ్ పనిలో పెద్ద భాగం బెంగళూరులో జరుగుతుంది. అమెరికా డ్రైవరు కళ్లను కొలిచే ప్రోగ్రాము రాసేవాళ్లలో మనకు తెలిసినవాళ్లూ ఉండొచ్చు.

మన దగ్గరికి కూడా ఇది వచ్చేసింది. ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ భాగస్వామిగా తెలంగాణ ఆర్టీసీ 200 బస్సుల్లో రోడ్డు మీది ముప్పును పసిగట్టి డ్రైవరును హెచ్చరించే పరికరాలు పెట్టే ప్రాజెక్టు చేపట్టింది. ప్రాణాలు కాపాడే ప్రయత్నం అది, అవసరమే. కానీ 2025 నవంబరు దాకా మన లారీ డ్రైవరు పనిగంటల గురించి ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 అనేది, ఐదుగురికి తక్కువ పనివాళ్లున్న చోటుకు అది మామూలుగా వర్తించేది కాదు. దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లో ఆ హద్దు పదిమంది. ఒకటి రెండు లారీలున్న ఓనర్లు ఎందరో మనకు తెలుసు. 2023 నాటి డేటా రక్షణ చట్టం ఉద్యోగ అవసరాల కోసమైతే పనివాడి అనుమతి లేకుండానే అతని సమాచారం వాడుకోనిస్తుంది. క్లీనరు కూడా లేకుండా రాత్రంతా ఒక్కడే నడిపే డ్రైవరు క్యాబిన్‌లో కెమెరా పెట్టే రోజు వస్తే, ఈ రెండు ఖాళీల మధ్య అతను నిలబడాలి.

కంపెనీల వైపు కూడా బలమైన కారణం ఉంది. 2014 డిసెంబరులో టెక్సస్‌లో మంచు పట్టిన రోడ్డు మీద ఒక పికప్ వాహనం అదుపు తప్పి, మధ్య గట్టు దాటి, ఎదురుగా వస్తున్న వెర్నర్ కంపెనీ ట్రక్కుకు తగిలింది. ఒక చిన్న పిల్లవాడు చనిపోయాడు. 2018లో జ్యూరీ వెర్నర్ మీద సుమారు 9 కోట్ల డాలర్ల పరిహారం వేసింది. ఆ తీర్పును టెక్సస్ సుప్రీంకోర్టు 2025 జూన్‌లో కొట్టేసింది కానీ, మధ్యలో ఏడేళ్లు గడిచాయి. ఇలాంటి తీర్పులు చూసి కంపెనీలూ, బీమా సంస్థలూ వీడియో సాక్ష్యం కావాలంటున్నాయి.

డ్రైవర్లు దీన్ని అర్థం చేసుకోరని అనుకోవడం తప్పు. రోడ్డు వైపు చూసే కెమెరాను తమ డబ్బుతో కొని పెట్టుకునేవాళ్లు వాళ్లలో ఎందరో ఉన్నారు, ఎదుటివాడు అబద్ధం చెబితే కాపాడేది అదే కాబట్టి. తమ వైపు తిరిగిన కెమెరా దగ్గరే మాట మారుతుంది. 2023లో రవాణా రంగపు పరిశోధన సంస్థ ఏట్రి, అలాంటి కెమెరాలు ఇప్పటికే ఉన్న 650 మందికి పైగా డ్రైవర్లను పదికి ఎన్ని మార్కులు వేస్తారని అడిగితే సగటున 2.24 వచ్చింది. కెమెరా అలవాటైతే సర్దుకుంటారన్న వాదనకు ఇది గట్టి జవాబు. మార్కులు వేసినవాళ్లు దానితో రోజూ బతుకుతున్నవాళ్లు.

వాళ్ల మాటల్లో మళ్లీ మళ్లీ వినిపించేవి కొన్నే. నీళ్లు తాగినా, అద్దం వైపు చూసినా యంత్రం తప్పు రాస్తుందని. ఎప్పుడు అరుస్తుందోనన్న టెన్షన్‌తో రోడ్డు మీద నుంచి ధ్యాస మళ్లుతుందని. వీడియో ఎవరు చూస్తారో, ఎన్నాళ్లు దాస్తారో, రేపు కోర్టులో ఎవరి చేతిలో ఉంటుందో తెలియదని. మహిళా డ్రైవర్లకు ఇంకో భయం ఉంటుంది. వెనక తెర దాటి మంచం మీదికి వెళ్లేటప్పుడు ఆ కన్ను నిజంగా మూసుకుందా అన్నది. మూసుకుంటుందని కంపెనీ చెబుతుంది, చూసి తెలుసుకునే దారి ఆమెకు లేదు.

కోర్టుల్లో ఫలితాలు ఒక తీరున లేవు. 2008లో ఇల్లినాయ్ రాష్ట్రం వేలిముద్ర, ముఖం వంటివి రాతపూర్వక అనుమతి లేకుండా తీసుకోకూడదని చట్టం చేసింది. ఆ చట్టం కింద జ్యూరీ ముందుకు వెళ్లిన మొట్టమొదటి కేసు ట్రక్కు డ్రైవర్లదే. బీఎన్‌ఎస్‌ఎఫ్ రైల్వే యార్డుల గేట్ల దగ్గర తమ వేలిముద్రలు తీసుకున్నారని వాళ్లు వేశారు. 2022 అక్టోబరులో 45,600 మంది తరఫున 22.8 కోట్ల డాలర్ల తీర్పు వచ్చింది. తర్వాత అది 7.5 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. అదే చట్టం కింద క్యాబిన్ కెమెరా కంపెనీల మీదా కేసులు పడ్డాయి.

అరిజోనా భోజనం కేసులో 2023 ఏప్రిల్‌లో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు డ్రైవరు పక్షాన నిలిచింది. సంఘం పెట్టుకోవాలని చూస్తున్నవాణ్ని గమనిస్తున్నామన్న భావన కలిగించడం చట్టవిరుద్ధం అంది. 2024 మార్చిలో అప్పీల్ కోర్టు దాన్ని కొట్టేసింది. కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉండాలని కంపెనీ రూల్ బుక్‌లోనే ఉంది, డ్రైవరుకు ఆ సంగతి తెలుసు, ట్రక్కు కంపెనీది అన్నది కోర్టు మాట.

కోర్టులో దొరకనిది ఒక్క చోట బేరం ఆడితే దొరికింది. 2022 వేసవిలో పార్సిళ్లు చేరవేసే యూపీఎస్ కంపెనీ డ్రైవర్లు ఎండలకు బండ్లలో కళ్లు తిరిగి పడిపోతుంటే కంపెనీ వాటిలో కెమెరాలు బిగిస్తోందని టీమ్‌స్టర్స్ యూనియన్ రోడ్డెక్కింది. మరుసటి ఏడాది సమ్మె అంచుదాకా వెళ్లి కుదిరిన ఒప్పందంలో రెండు మాటలు పక్కపక్కనే చేరాయి. కొత్తగా కొనే వ్యాన్లలో ఏసీ ఉండాలి. డ్రైవరు వైపు తిరిగిన కెమెరా ఉండకూడదు. ఆ ఒప్పందం 2028 జూలై 31 దాకా అమల్లో ఉంటుంది.