మోచేయి విరిగితే ముందు వేళ్లు చూడండి

చెట్టు మీంచో సైకిల్ మీంచో పడే పిల్లలు ఆపుకోవడానికి అరచెయ్యి నేలకు చాస్తారు. ఆ దెబ్బంతా మోచేతికి తగులుతుంది. భుజం నుంచి మోచేతి దాకా ఉండే ఎముక కింది కొసన పలచబడుతుంది. ఐదు నుంచి ఏడేళ్ల పిల్లలకు మోచేయి విరిగిందంటే చాలాసార్లు అక్కడే.

మోచేయి వాస్తుంది. బిడ్డ చేతిని ఒంటికి ఆనించుకుని ముట్టుకోనివ్వదు. వేళ్లు కదులుతున్నాయి కాబట్టి విరగలేదనుకుంటారు చాలామంది. అది తప్పు. మోచేయి పూర్తిగా చాపలేకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే.

అయితే అసలు భయం ఎముక గురించి కాదు. విరిగిన చోటికి సరిగ్గా ముందు నుంచే ముంజేతికి రక్తం తీసుకెళ్లే ధమని, నరాలు వెళ్తాయి. అందుకే వేళ్లు చూడాలి. చల్లబడ్డాయా, పాలిపోయాయా, తిమ్మిరెక్కాయా? బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమనండి. కొసలు వంగక రెండు వేళ్లూ చదునుగా ఆనితే నరం దెబ్బతిని ఉండొచ్చు.

పసరు పూసి వెదురు బద్దలతో బిగించి కట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. ఈ మోచేతికి మాత్రం ఆ కట్టు వద్దే వద్దు. లోపల వాపు పెరుగుతూనే ఉంటుంది, కట్టేమో సాగదు. కండకు రక్తం అందక కొన్ని గంటల్లోనే చచ్చుబడుతుంది. తర్వాత మణికట్టు, వేళ్లు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోవు. జర్మన్ సర్జన్ రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ 1881లోనే దీన్ని వివరించారు. ఆసుపత్రిలో వేసిన పిండికట్టు బిగిసినా ఇదే ముప్పు. మందు వేసినా నొప్పి పెరుగుతోందంటే, వేళ్లు చాపబోతే బిడ్డ కేకలు పెడుతోందంటే, అర్ధరాత్రయినా సరే వెంటనే వెనక్కి తీసుకెళ్లాలి.

దెబ్బ తగిలిన వెంటనే చెయ్యి లాగొద్దు, సరిచేయబోవద్దు. ఉన్నది ఉన్నట్టే అట్టముక్క ఆనించి, తుండుగుడ్డతో మెడకు వేలాడదీయండి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి డాక్టరు చూసేదాకా ఏమీ తినిపించొద్దు.

ఎముక కదలకపోతే మూడు వారాల పిండికట్టు సరిపోతుంది. బాగా పక్కకు జరిగితే మత్తిచ్చి సరిచేసి, చర్మం మీంచి రెండు మూడు సన్నని తీగలు గుచ్చుతారు. మూడు నాలుగు వారాలకు వాటిని లాగేస్తారు. కట్టు విప్పాక చెయ్యి బిగుసుకుని ఉంటుంది. నూనె రాసి మర్దనా చేయొద్దు, బలవంతంగా వంచొద్దు. అలా చేస్తే కండలో ఎముక పెరిగి కీలు ఇంకా బిగుసుకోవచ్చు. ఆడుకోనిస్తే కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో, చాలావరకు దానంతటదే వంగుతుంది.