బెల్టు కింద నాలుగు చుక్కల నూనె

మా ట్రెడ్‌మిల్ ఆగిపోయిన రోజు వచ్చిన మెకానిక్ ముందుగా మోటారు మూత విప్పలేదు. ప్లగ్ తీసేసి, బెల్టు అంచు పైకెత్తి, "సార్, లోపల చెయ్యి పెట్టి చూడండి" అన్నాడు. పెట్టాను. బెల్టు అడుగు ఎండిన గోనెపట్టాలా గరుగ్గా తగిలింది. వేళ్లకు నల్లటి పొడి అంటింది. "పోయింది కంట్రోల్ బోర్డే సార్. కానీ దాన్ని పోగొట్టింది ఇది" అన్నాడు. అమ్మ రెండేళ్లుగా రోజూ అరగంట నడిచిన మిషన్ అది. పైన దుమ్ము తుడుస్తూనే ఉన్నాం. లోపల నూనె వెయ్యాలని మాకెవరూ చెప్పలేదు. అందుకే ఈ సంగతి పదిమందికీ చెప్పాలనిపించింది.

బెల్టు రోలర్ల మీద తిరుగుతుందని అనుకుంటాం. నిజమే, కానీ రోలర్లు ముందొకటి, వెనకొకటి మాత్రమే. మన అడుగు పడే చోట బెల్టు కింద ఉండేది ఒక చెక్క పలక. డెక్ అంటారు. మామూలుగా అది ఎండీఎఫ్ పలక (చెక్క పీచును జిగురుతో అదిమి చేసింది), దాని మీద నున్నటి పూత. బెల్టు పైభాగం పీవీసీ అయితే అడుగుభాగం పాలిస్టర్ నేత. అంటే మనం నడిచినంతసేపూ ఒక గుడ్డ మన బరువంతా మోస్తూ చెక్క మీద ఈడ్చుకుంటూ పోతోందన్నమాట.

రెండు తలాల మధ్య రాపిడి అవి ఎంత మేర తగులుతున్నాయన్న దాన్ని బట్టి కాక, ఎంత బరువుతో అదుముకుంటున్నాయన్న దాన్ని బట్టి ఉంటుందని 1699లో ఫ్రాన్స్‌లో గిలోమ్ అమాంటన్స్ చెప్పాడు. కాబట్టి బెల్టు వెడల్పు కన్నా నడిచే మనిషి బరువే ఇక్కడ ముఖ్యం. బలాన్ని న్యూటన్లలో కొలుస్తారు. 70 కిలోల మనిషి డెక్‌ను అదిమే బలం సుమారు 700 న్యూటన్లు. అదిమే బలంలో ఎన్నో వంతు రాపిడిగా అడ్డుపడుతుందో చెప్పే అంకె ఘర్షణ గుణకం. నూనె ఉన్న బెల్టుకు అది 0.2 అనుకుందాం. అప్పుడు బెల్టును ఈడ్చడానికి 140 న్యూటన్లు కావాలి. గంటకు 5.4 కిలోమీటర్ల నడక అంటే సెకనుకు 1.5 మీటర్లు. రెండూ గుణిస్తే 210 వాట్లు. నూనె ఎండిపోయి గుణకం 0.4కు చేరితే అదే మనిషికి, అదే నడకకు 420 వాట్లు. ఆ అదనపు 210 వాట్లూ బెల్టుకీ చెక్కకీ మధ్య వేడిగా మారిపోతాయి.

బలం ఎక్కువ కావాలంటే మోటారు ఎక్కువ కరెంటు లాగాలి. కరెంటు రెట్టింపైతే తీగచుట్టల్లో పుట్టే వేడి నాలుగింతలవుతుంది. మోటారు కొంతకాలం ఓర్చుకుంటుంది. దానికి కరెంటు కొలిచి పంపే బోర్డు మీది ట్రాన్సిస్టర్లు అంత ఓర్చుకోలేవు. పైగా కరెంటు ఒకే తీరున ఉండదు, అడుగు పడ్డప్పుడల్లా ఎగుస్తుంది. పరుగులో పాదం నేలను కొట్టే బలం ఒంటి బరువుకు రెండు మూడు రెట్లుంటుంది. ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆపేసే స్విచ్) మాటిమాటికీ ట్రిప్ అవడం, అడుగు వేసినప్పుడు బెల్టు ఓ క్షణం తడబడటం, ఏదో కాలుతున్న వాసన రావడం, ఇవన్నీ ఎండిన బెల్టు వల్ల కావచ్చు.

మెల్లగా నడిస్తే మిషన్‌కి మంచిదని మేం అనుకునేవాళ్లం. అది పొరపాటు. చాలా ఇంటి ట్రెడ్‌మిల్స్‌లో మోటారును చల్లబరిచే ఫ్యాన్ మోటారు ఇరుసుకే బిగించి ఉంటుంది. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. బరువు మాత్రం తగ్గదు, దాన్ని లాగడానికి కావలసిన కరెంటూ పెద్దగా తగ్గదు. మెల్లగా నడిచే పెద్దవాళ్లున్న ఇంట్లో నూనె విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

మరి ఏ నూనె? బండి ఇరుసుకు ఆముదంలో గడ్డిమసి కలిపి కందెన పెట్టినవాళ్లం కాబట్టి ఇంట్లో ఉన్న నూనె మీదికే చెయ్యి పోతుంది. కొబ్బరినూనె వద్దు. హైదరాబాద్ చలికాలంలో పొద్దున్నే సీసాలో గడ్డకట్టి కనిపించేది అదే. వేడికి, గాలికి వంటనూనెలు బంకగా మారతాయి. పొయ్యి పక్క గోడ మీద పేరుకునే పసుపు జిడ్డు అలా తయారైందే. పెట్రోలియం నూనెలు, తుప్పు వదిలించే స్ప్రేలు బెల్టులోని పీవీసీని, రబ్బరును పాడుచేస్తాయి.

ట్రెడ్‌మిల్‌కు వాడేది సిలికాన్ ఆయిల్. ఇసుకలో ఉండే సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులే ఇందులో ఒకదాని పక్కన ఒకటిగా గొలుసు కట్టి ఉంటాయి. ఆ గొలుసు పొడవునా బయటివైపు ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ పరమాణువుల చిన్న చిన్న గుంపులుంటాయి, వాటిని మిథైల్ గుంపులంటారు. అందుకే ఇది పలుచగా పరుచుకుంటుంది, వేడెక్కినా చిక్కదనం అంతగా మారదు, పీవీసీ జోలికి పోదు. కొన్ని మోడళ్ల డెక్‌కు ముందే మైనం పూసి ఉంటుంది, వాటికి ఏ నూనే వెయ్యొద్దంటారు. మాన్యువల్ ఒకసారి చూసుకోండి.

ఎప్పుడు వెయ్యాలో కూడా మాన్యువల్‌లో ఉంటుంది. నేను మాత్రం వేళ్లనే నమ్ముతాను. ప్లగ్ తీసి, బెల్టు కింద మధ్యదాకా చెయ్యి పోనిస్తాను, ఎందుకంటే పాదాలు పడే నడిమి భాగమే ముందు ఎండుతుంది. వేళ్లకు సన్నటి జిడ్డు తగిలితే వదిలేస్తాను. పొడిగా ఉంటే అక్కడే అటూ ఇటూ వంకర గీతలా నూనె పిండి, ప్లగ్ పెట్టి, ఐదు నిమిషాలు మెల్లగా నడుస్తాను. నూనె అంతటా పరుచుకుంటుంది. కొలత మాన్యువల్ చెప్పినంతే. ఎక్కువైతే రోలర్ మీద బెల్టు జారుతుంది, దుమ్ము కలిసి బురదలా పేరుకుంటుంది.

బెల్టు ఒక పక్కకు జరిగితే వెనక రోలర్ బోల్టులతో సరిచేయొచ్చు. ఎడమకు జరిగితే ఎడమ బోల్టును అలెన్ కీతో సవ్యదిశలో పావు చుట్టు తిప్పాలి, కుడికి జరిగితే కుడి బోల్టును. పైన ఎవరూ లేకుండా బెల్టును మెల్లగా తిరగనిచ్చి, ఒక నిమిషం ఆగి చూడాలి. బెల్టు ఒక్కసారిగా మధ్యకు రాదు, కొద్దికొద్దిగా జరుగుతూ వస్తుంది.

కొత్త బోర్డు వేయించాక ఇప్పుడు ఆ పని అమ్మే చేస్తోంది. నెలకోసారి బెల్టు కింద చెయ్యి పెట్టి చూసి, వేళ్లు రాసుకుంటూ "ఉందిరా ఇంకా" అంటుంది.