కందుకూరు ఏ జిల్లా? ఒక పాత పంచాయితీ వెనక కథ

2019 జనవరి 9న అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు రామాయపట్నం పోర్టుకు శంకుస్థాపన చేశారు. అప్పుడది ప్రకాశం జిల్లా. 2022 జులై 20న ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి అదే తీరంలో భూమిపూజ చేశారు. అప్పటికది నెల్లూరు జిల్లా. సముద్రం జరగలేదు, ఊరూ జరగలేదు. మధ్యలో కందుకూరు నియోజకవర్గాన్ని తీసి పక్క జిల్లాలో కలిపారు, దానితోపాటే రామాయపట్నమూ వెళ్లిపోయింది. 2025 చివర్లో జిల్లాల హద్దులు మరోసారి మార్చినప్పుడు కందుకూరు తిరిగి ప్రకాశానికి వచ్చింది. మూడున్నరేళ్లకు పైగా పట్టిన ఈ రాకపోకల్ని బయటివాళ్లు పరిపాలనలో చిన్న సర్దుబాటు అనుకుంటారు. కందుకూరులో టీ కొట్టు దగ్గర కదిపి చూడండి, అరగంటకు తక్కువ కాకుండా చెబుతారు.

కందుకూరు మాది అని ఒంగోలు వాళ్లు అన్నా, నెల్లూరు వాళ్లు అన్నా పాత కాగితాల్లో ఇద్దరికీ ఆధారం దొరుకుతుంది. ఇంకా వెనక్కి వెళితే ఒంగోలే నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పాటు చేసినప్పుడు ఒంగోలు తాలూకాను నెల్లూరు నుంచి తీసి గుంటూరులో కలిపారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండిపోయాయి. అలా యాభై కిలోమీటర్ల దూరం కూడా లేని ఒంగోలు, కందుకూరు అరవై ఆరేళ్లపాటు వేర్వేరు జిల్లాల్లో ఉన్నాయి. కందుకూరు ప్రాంతంలో ఎనభై దాటిన పెద్దవాళ్లెవరైనా పుట్టింది నెల్లూరు జిల్లాలోనే. వాళ్ల ఇళ్లలో పాత దస్తావేజులు తీస్తే నెల్లూరు జిల్లా, కందుకూరు తాలూకా అనే కనిపిస్తుంది.

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. గుంటూరు నుంచి కొంత, నెల్లూరు నుంచి కొంత, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపు కొంత తీసుకుని కుట్టిన జిల్లా అది. నిజం చెప్పాలంటే మూడు జిల్లాల చివరి ముక్కలు. మార్కాపురం వాళ్లకు కర్నూలు దూరం, కనిగిరి వాళ్లకు నెల్లూరు దూరం, ఒంగోలు వాళ్లకు గుంటూరు దూరం. ఎవరి జిల్లా కేంద్రం వాళ్లకు అందని చోట్లన్నీ కలిపి ఒక జిల్లా చేశారు. మొదట పేరు ఒంగోలు జిల్లాయే. 1972లో, ఈ జిల్లా వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు.

కాబట్టి కందుకూరు ప్రకాశం జిల్లాలో ఉన్నది 2022 నాటికి యాభై రెండేళ్లే. అంతకు ముందంతా నెల్లూరే. మరి 2022లో "మమ్మల్ని నెల్లూరులో పడేశారు" అని అంత బాధ ఎందుకు? చరిత్ర పుస్తకం పట్టుకుని వాదిస్తే నెల్లూరు వాళ్లదే పైచేయి. కానీ ఊళ్లో జనం జిల్లాను చరిత్రతో కొలవరు, ఏ పనికి ఎక్కడికి వెళ్తున్నామన్న దాన్నిబట్టి కొలుస్తారు. ఈ యాభై రెండేళ్లలో కందుకూరు పనులన్నీ ఒంగోలు వైపు తిరిగాయి. కోర్టు వాయిదాకు ఒంగోలు, పెద్ద జబ్బు చేస్తే ఒంగోలు, బంగారం కొనాలంటే ఒంగోలు. పిల్లల్ని ఇంటర్‌లో హాస్టల్లో వేయడానికి మాత్రం కొందరు నెల్లూరు వెళ్లేవాళ్లు. అది కార్పొరేట్ కాలేజీల మహిమ, జిల్లాది కాదు.

వీటన్నిటికంటే గట్టి ముడి పొగాకు. కందుకూరు చుట్టుపక్కల మెట్ట నేలల్లో పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ లేని ఊరు తక్కువ. 1980ల మధ్యలో పొగాకు బోర్డు వేలం పద్ధతి తెచ్చిన తర్వాత కందుకూరులో రెండు వేలం కేంద్రాలు నడుస్తున్నాయి. కందుకూరు, కొండపి, టంగుటూరు, పొదిలి, కనిగిరి, ఒంగోలు, వెల్లంపల్లి అన్నీ ఒకే తీగకు కాసిన కాయలు. ఒక ఫ్లోర్‌లో ధర పడిపోతే సాయంత్రానికి మిగతా ఫ్లోర్లలో కబురు. బేళ్లు వేసుకుని తెల్లవారుజామునే వచ్చిన రైతుకు కొనేవాళ్లు లేరని నోబిడ్ చీటీ పడిందంటే ఆ రోజు ధర్నా ఒంగోలు రోడ్డు మీదే. పొగాకు వ్యాపారులు, బ్యాంకు అప్పులు, ఎరువుల డీలర్లు, ఈ వలయమంతా ఒంగోలు చుట్టూ తిరిగేది. నెల్లూరు జిల్లాలోనూ కలిగిరి, డీసీపల్లి కేంద్రాలు ఉన్నాయి గానీ నెల్లూరు అసలు లోకం వేరు. అది వరి, చేపలు, రొయ్యలు.

నెల్లూరు పక్షాన వాదించేవాళ్ల దగ్గర కూడా బలమైన మాట ఒకటి ఉంది. అది నీళ్లు. లింగసముద్రం మండలంలో మన్నేరు మీద ఉన్న రాళ్లపాడు ప్రాజెక్టు కందుకూరు ప్రాంతానికి పెద్ద దిక్కు. మన్నేరు వానొస్తేనే పారే ఏరు, దాన్ని నమ్ముకుని నారు పోయలేరు. రాళ్లపాడు నిండాలంటే పెన్నా మీది సోమశిల నుంచి ఉత్తర కాలువ ద్వారా నీళ్లు రావాలి. సోమశిల నెల్లూరు జిల్లాలో ఉంది. కాలువ పొడవునా పైన ఉన్న ఊళ్లు తాగి వదిలితే కిందకు వచ్చేది. ప్రకాశంలో ఉన్నన్నాళ్లూ రాళ్లపాడు ఆయకట్టు రైతులు పక్క జిల్లా గేటు వైపు చూడాల్సి వచ్చింది. "ఒకే కలెక్టరు కింద ఉంటే కనీసం ఒక చోట అడగొచ్చు కదా" అని లింగసముద్రం వైపు అనేవాళ్లు 2022లోనూ ఉన్నారు. వాళ్ల మాట పత్రికల్లో పెద్దగా రాలేదు. కందుకూరు టౌన్ గొంతు పెద్దది, ఆయకట్టు గొంతు చిన్నది.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్నది అప్పటి లెక్క. 2008లో నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసిన డీలిమిటేషన్‌లో కందుకూరు అసెంబ్లీ స్థానాన్ని నెల్లూరు లోక్‌సభ కింద పెట్టారు. ఎంపీ ఎవరైతే ఏమిటిలే అని జనం అప్పట్లో పట్టించుకోలేదు. ఎంపీతో రోజూ పనేముంటుంది? పద్నాలుగేళ్ల తర్వాత ఆ గీతే జిల్లా హద్దు అయి కూర్చుంది.

కందుకూరు వాళ్లకు ఎక్కువ మండింది ఇంకో విషయం దగ్గర. ఆ లోక్‌సభ లెక్క అందరికీ ఒకేలా వర్తించలేదు. సంతనూతలపాడు బాపట్ల లోక్‌సభలో ఉంది, అయినా ఒంగోలు పక్కనే కదా అని ప్రకాశంలోనే ఉంచారు. సర్వేపల్లి తిరుపతి లోక్‌సభలో ఉంది, అయినా నెల్లూరు పక్కనే కదా అని నెల్లూరులోనే ఉంచారు. జిల్లా కేంద్రం దగ్గర అన్న కారణం ఆ రెండు చోట్లా చెల్లింది. ఒంగోలుకు యాభై కిలోమీటర్ల లోపు, నెల్లూరుకు నూరు కిలోమీటర్లకు అటూఇటూ ఉన్న కందుకూరు దగ్గర చెల్లలేదు. సర్వేపల్లి నియోజకవర్గంలోనే కృష్ణపట్నం పోర్టు ఉందన్నది గుర్తుపెట్టుకుంటే లెక్క ఇంకా బాగా అర్థమవుతుంది. ఆ రోజుతో కృష్ణపట్నం, రామాయపట్నం రెండూ నెల్లూరువయ్యాయి. చీరాల వైపు తీరం బాపట్ల జిల్లాకు పోయింది. ప్రకాశానికి కొత్తపట్నం, సింగరాయకొండ వైపు కాస్త ఇసుక తీరం మిగిలింది. ఇది ఎవరో కావాలని చేశారని నేను అనను. ఫలితం మాత్రం ఇది.

ఇంకో టెన్షన్ రెవెన్యూ డివిజన్ గురించి. కందుకూరు సబ్ కలెక్టర్ ఆఫీసు పాతది, ఒకప్పుడు కనిగిరి, కొండపి వైపు మండలాలు కూడా దాని కిందే ఉండేవి. పునర్వ్యవస్థీకరణలో ఆ డివిజనే ఎత్తేస్తారన్న మాట బయటికి రాగానే పార్టీలకు అతీతంగా ఊరు రోడ్డెక్కింది. చివరికి డివిజన్‌ను ఉంచారు గానీ పరిధి బాగా కుదించుకుపోయింది. కందుకూరు, గుడ్లూరు, ఉలవపాడు, లింగసముద్రం, వలేటివారిపాలెంతోపాటు ఉదయగిరి వైపు నుంచి కొండాపురం, వరికుంటపాడు మండలాలు తెచ్చి కలిపారు.

కాగితం మీద జిల్లా మారింది గానీ అన్నీ దాని వెంట మారలేదు. జిల్లా పరిషత్తులు పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. అంటే కందుకూరు జడ్పీటీసీ సభ్యుడు సర్వసభ్య సమావేశానికి ఒంగోలు వెళ్లాలి, అర్జీ పట్టుకున్న రైతు సోమవారం పొద్దున్నే కావలి మీదుగా నెల్లూరు బస్సెక్కాలి. టీచర్ పోస్టుల సంగతి మరీ తమాషా. స్థానికత రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం పాత జిల్లాలదే, అందుకే 2025 మెగా డీఎస్సీ కూడా ఉమ్మడి జిల్లాలవారీగానే జరిగింది. కందుకూరు అభ్యర్థి ఆధార్‌లో నెల్లూరు జిల్లా అని ఉంటుంది, పోటీ పడేది మాత్రం ప్రకాశం పోస్టులకు. కోచింగ్ సెంటర్లలో పిల్లలు ఈ సందేహం అడిగి అడిగి విసిగించేవాళ్లు. రైలు సంగతి సరేసరి. కందుకూరు టౌన్‌కు రైల్వే స్టేషన్ అంటే సింగరాయకొండే, అది కొండపి నియోజకవర్గంలో, ప్రకాశంలోనే ఉండిపోయింది. ఇంట్లోంచి బయల్దేరి ఆటోలో స్టేషన్‌కు చేరేలోపు జిల్లా దాటేవాళ్లం. బండి నంబర్ల గొడవ మాత్రం తప్పింది. 2019లో రాష్ట్రమంతటికీ ఒకే సిరీస్ కింద ఏపీ 39 రావడంతో ఏపీ 27 ప్రకాశమా, ఏపీ 26 నెల్లూరా అన్న తేడా కొత్త బండ్లకు లేకుండా పోయింది.

జిల్లా మార్పును అస్సలు లెక్కచేయని చోటు ఒకటుంది, వలేటివారిపాలెం మండలంలోని మాలకొండ. మాల్యాద్రి లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. కనిగిరి, పామూరు, కావలి, ఉదయగిరి ఏ వైపు వాళ్లయినా ఆ రోజే కొండెక్కాలి. ఆ బస్సుల్లో ఎవరిది ఏ జిల్లా అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

ఇక అసలు సంగతి తీరానిది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో కేంద్రం కట్టిస్తామన్న పెద్ద పోర్టు రామాయపట్నంలో కాదు, నెల్లూరు దక్షిణాన దుగరాజపట్నంలో. మొదటి దశ 2018 చివరికి పూర్తి కావాలని పదమూడో షెడ్యూల్‌లోనే రాశారు. అంతకు ముందు 2012 ప్రాంతంలో రామాయపట్నం, దుగరాజపట్నం, విశాఖ జిల్లా నక్కపల్లి మూడూ పోటీలో ఉన్నాయి. దుగరాజపట్నం పక్కన ఒక వైపు శ్రీహరికోట, మరో వైపు పులికాట్ సరస్సు, కాస్త ఉత్తరాన అప్పటికే నడుస్తున్న కృష్ణపట్నం. లాభసాటి కాదని తేల్చి, వేరే చోటు చూపించమని కేంద్రం రాష్ట్రాన్ని అడిగింది. రాష్ట్రం రామాయపట్నాన్ని తానే కట్టుకుంటానని మైనర్ పోర్టుగా, అంటే రాష్ట్రం చేతిలో ఉండే పోర్టుగా, మొదలుపెట్టింది. తర్వాత పార్లమెంటులో అడిగితే కేంద్రం జవాబు ఏమిటంటే, రాష్ట్రం దాన్ని మైనర్ పోర్టుగా నోటిఫై చేసింది, అది రద్దు చేస్తేనే కేంద్రం చేతిలో ఉండే మేజర్ పోర్టు సంగతి అని. చట్టంలో రాసిన మాట అలా రెండు ప్రభుత్వాల మధ్య ఇరుక్కుంది.

చివరికి రాష్ట్రమే మారిటైమ్ బోర్డు ద్వారా మొదటి దశలో నాలుగు బెర్తులతో పని మొదలుపెట్టింది, అంచనా రూ.3,736 కోట్లు. తీరంలోని మొండివారిపాలెం, ఆవులవారిపాలెం, కర్లపాలెం ఊళ్లు పోర్టు కింద పోయాయి. పోర్టు వస్తుందనగానే దాని వెనక పరిశ్రమలు వరుసకట్టాయి. 2024 డిసెంబరులో ప్రభుత్వ చమురు సంస్థ బీపీసీఎల్ బోర్డు రిఫైనరీ ముందస్తు పనులకు రూ.6,100 కోట్లు ఆమోదించింది, దానికి సుమారు 6,000 ఎకరాలు కావాలి. సోలార్ పరిశ్రమ కోసం ఉలవపాడు మండలం కరేడులో వేల ఎకరాల సేకరణకు దిగితే 2025 వేసవిలో ఆ ఊరు హైవే మీదకు వచ్చింది. ఉలవపాడు మామిడికి పెట్టింది పేరు. మామిడి, సపోటా తోటలున్న నేలను, ఏడాదికి రెండు మూడు పంటలు తీసే నేలను బీడుతో కలిపి ఎకరాల్లో లెక్కేస్తే ఎవరు ఒప్పుకుంటారు?

జిల్లా పంచాయితీ రంగు మారింది కూడా ఇక్కడే. 2022లో దూరం గురించి, బస్సు చార్జీల గురించి మొదలైన వాదన రెండేళ్లు తిరిగేసరికి పోర్టు ఏ జిల్లాది, రిఫైనరీ ఉద్యోగాల్లో స్థానికులంటే ఎవరు, జిల్లా ఖనిజ నిధి ఎవరి చేతికి వస్తుంది అన్న దగ్గరికి చేరింది. 2024 ఎన్నికల ప్రచారంలో కందుకూరును తిరిగి ప్రకాశంలో కలుపుతామన్న మాట గట్టిగా వినిపించింది. ఒంగోలు నాయకులకు కందుకూరు కంటే రామాయపట్నం ఎక్కువ ముద్దు అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లు కూడా లేకపోలేదు. ఆ ఎగతాళిలో సగం నిజం ఉంది. కానీ తెచ్చిన కారణం ఏదైనా, కందుకూరు రైతు అర్జీకి సగం దూరం తగ్గింది.

2025లో మంత్రుల ఉపసంఘం వేశారు, నవంబరులో ప్రాథమిక నోటిఫికేషన్, డిసెంబరు చివర్లో తుది నోటిఫికేషన్. అంత హడావిడి జనగణన వల్ల. 2027 జనాభా లెక్కల కోసం 2025 డిసెంబరు 31 తర్వాత హద్దులు కదపకూడదని కేంద్రం గడువు పెట్టింది. అదే ఊపులో మార్కాపురం కొత్త జిల్లా అయింది. కనిగిరి, గిద్దలూరు, ఎర్రగొండపాలెం దానితో వెళ్లాయి. ప్రకాశానికి అద్దంకి, కందుకూరు వచ్చాయి. 1970లో ఒకే జిల్లాలోకి కలిసి వచ్చిన కందుకూరు, కనిగిరి ఇప్పుడు వేర్వేరు జిల్లాలు. పొగాకు రైతుకు ఇదొక కొత్త చిక్కు.

లోక్‌సభ స్థానం మాత్రం మారలేదు. కలెక్టరు ఒంగోలులో ఉన్నా కందుకూరు ఓటరు నెల్లూరు ఎంపీనే ఎన్నుకోవాలి. నియోజకవర్గాల హద్దులు మళ్లీ గీసేది 2026 తర్వాతి జనగణన అంకెలు వచ్చాకే. 2022లో జిల్లాను మార్చింది 2008 నాటి ఆ గీతే కాబట్టి, ఈసారి డీలిమిటేషన్ కమిషన్ ముందు అభ్యంతరాలు వేయడానికి కందుకూరు వాళ్లు గడువు దాకా ఆగకపోవడం మంచిది.